లైవ్ మ్యాచ్‌ను పాజ్ చేస్తే ఎందుకు ఆగిన చోట మొదలవదు?

2025 మార్చి 9, రంజాన్ నెల. దుబాయ్‌లో చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్. న్యూజిలాండ్ పెట్టిన 252 పరుగుల లక్ష్యాన్ని భారత్ 49 ఓవర్లలో, 4 వికెట్ల తేడాతో అందుకుంది. హైదరాబాద్ లెక్కన ఆ ఛేజింగ్ ఇఫ్తార్ వేళకు అటూఇటూగా మొదలై తరావీహ్ సమయం దాకా సాగింది. ఇలాంటి రోజుల్లో చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. పాజ్ నొక్కి నమాజుకు వెళ్తారు. తిరిగొచ్చి ప్లే నొక్కితే ఆగిన ఓవర్ రాదు, ఆట నేరుగా ఇప్పటి ఓవర్‌కి దూకేస్తుంది. స్కోరు కనిపించిపోతుంది, మజా పోతుంది. టీవీ పాడైందని మెకానిక్‌కు ఫోన్ చేసేవాళ్లూ ఉన్నారు. చాలాసార్లు టీవీకి ఏమీ కాదు.

సినిమా అయితే మొత్తం ఫైలు కంపెనీ సర్వర్‌లో సిద్ధంగా ఉంటుంది. ఎక్కడైనా ఆపొచ్చు, ఎక్కడికైనా వెనక్కి పోవచ్చు. లైవ్ అలా కాదు. మ్యాచ్ కొన్నేసి సెకన్ల చిన్న ముక్కలుగా తయారవుతూ వస్తుంది. టీవీ కొన్ని ముక్కలను ముందే దించుకుని వరుసగా చూపిస్తుంది. పాజ్ చేసినప్పుడు మ్యాచ్ అంతా టీవీలో రికార్డు అవుతోందని అనుకుంటాం గానీ, చాలా యాప్‌లలో అలా జరగదు. పాత ముక్కలు ఉండేది సర్వర్‌లోనే. ఎంతసేపు వెనక్కి వెళ్లనివ్వాలో కంపెనీ నిర్ణయిస్తుంది. ఒకచోట మ్యాచ్ మొదటి బంతి దాకా వెళ్లొచ్చు, ఇంకోచోట కొంతసేపు మాత్రమే. ఆ గడువు దాటాక ప్లే నొక్కితే యాప్‌కు లైవ్‌కి దూకడం తప్ప దారి లేదు. ఈ గడువు ఎంతో తెర మీద రాసి పెట్టొచ్చు. డబ్బు కట్టే ప్రేక్షకుడికి ఆ మాత్రం చెప్పడం కష్టమేమీ కాదు.

ఇంకో చిక్కు ఉంది. ఎక్కువసేపు పాజ్‌లో వదిలేస్తే టీవీ స్క్రీన్‌సేవర్‌లోకి వెళ్తుంది, కొన్ని టీవీలు యాప్‌నే మూసేస్తాయి. కాబట్టి అరగంటకు మించి లేచి వెళ్లేటప్పుడు పాజ్‌ను నమ్ముకోవద్దు. వచ్చాక మ్యాచ్ తెరిచి, 'మొదటి నుంచి చూడండి' అనే బటన్ ఉంటే అది నొక్కి, అక్కడి నుంచి ముందుకు జరుపుకోవడం మేలు. ఫోన్‌లో స్కోరు నోటిఫికేషన్లు ఆపేయడం మర్చిపోకూడదు, లేకపోతే ఇదంతా దండగే.

పక్కింట్లో కేకలు ముందే వినిపించడం కూడా ఇలాంటిదే. ఒకసారి పాజ్ చేస్తే మనం లైవ్ కంటే వెనకబడతాం, 'గో లైవ్' నొక్కేదాకా అలాగే ఉంటాం. నొక్కినా యాప్ సాధారణంగా డిష్ టీవీ కంటే కొంత ఆలస్యంగానే నడుస్తుంది. ముక్కలు తయారై, ఇంటర్నెట్ మీదుగా వచ్చి, టీవీలో పోగవ్వడానికి పట్టే సమయం అది. రిమోట్‌తో తగ్గేది కాదు.

ఇక ప్రకటనలు. యాడ్ నడుస్తుంటే ఫార్వర్డ్, రివైండ్ పనిచేయకపోవడాన్ని చాలామంది లోపం అనుకుంటారు. అది లోపం కాదు, వ్యాపారం. 2023 నుంచి 2027 దాకా భారత్‌లో ఐపీఎల్ డిజిటల్ హక్కులకు వయాకామ్18 పెట్టిన ధర రూ.23,758 కోట్లు. ఆ డబ్బు రావాల్సింది చందాల నుంచి, ప్రకటనల నుంచి. ప్రేక్షకుడు యాడ్ దాటేస్తే లెక్క తప్పుతుంది, అందుకే ఆ కాసేపు బటన్లకు తాళం వేస్తారు. చందా కట్టినవాళ్లకు కూడా లైవ్ ఆటలో యాడ్లు వేయడం మాత్రం న్యాయంగా అనిపించదు.

సర్వర్ల వైపు నుంచి వచ్చే ఇబ్బందులూ ఉంటాయి. 2024 నవంబర్‌లో మైక్ టైసన్, జేక్ పాల్ బాక్సింగ్ పోటీ చూస్తుంటే బొమ్మ ఆగిపోతోందని నెట్‌ఫ్లిక్స్ మీద ఫిర్యాదులు వెల్లువెత్తాయి. అంత పెద్ద కంపెనీకే తప్పలేదు. ఒకే సమయంలో ఇరుగుపొరుగు అందరికీ ఆగిపోతే ఇంట్లో రౌటర్‌ను పదిసార్లు ఆపి వేయడం వల్ల ఒరిగేదేమీ లేదు.

మన ఇంట్లో మాత్రమే అయితే వెతకాల్సినవి కొన్ని ఉన్నాయి. తక్కువ ధర స్మార్ట్ టీవీల్లో మెమరీ తక్కువ. బటన్ నొక్కాక స్పందన ఆలస్యమైతే పిల్లలు నాలుగైదుసార్లు నొక్కేస్తారు. టీవీ అవన్నీ గుర్తుపెట్టుకుని వరసగా అమలు చేస్తుంది, ఆట ఎటో వెళ్లిపోతుంది. ఒక్కసారి నొక్కి రెండు మూడు సెకన్లు ఆగితే సగం గొడవ తీరుతుంది. మ్యాచ్‌కు ముందే టీవీని ప్లగ్ నుంచి తీసి ఒక నిమిషం తర్వాత పెట్టడం, యాప్‌ను అప్‌డేట్ చేయడం, సెట్టింగ్స్‌లో క్యాష్ క్లియర్ చేయడం ఉపయోగపడతాయి. క్లియర్ డేటా జోలికి పోవద్దు, లాగిన్ మళ్లీ మొదటికొస్తుంది. తేదీ, సమయం ఆటోమేటిక్‌లో ఉన్నాయో లేదో చూడాలి. గడియారం తప్పుంటే కొన్ని యాప్‌లు వీడియోనే తెరవవు.

వాల్యూమ్ పనిచేస్తూ పాజ్ మాత్రం పనిచేయకపోతే ముందు బ్యాటరీలు మార్చి చూడాలి. ఫైర్ టీవీ స్టిక్ రిమోట్ అయితే హోమ్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుంటే మళ్లీ జత అవుతుంది. ఫోన్ నుంచి క్యాస్ట్ చేసి చూస్తుంటే పాజ్, ప్లే ఆ ఫోన్‌లోనే నొక్కి చూడాలి, కొన్ని టీవీల రిమోట్ ఆ ఆదేశాలను అందుకోదు.

డబ్బు కట్టేముందు ప్లాన్ చదవడం అన్నిటికంటే ముఖ్యం. 2025 ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్ మొదలైనప్పుడు మూడు నెలలకు రూ.149 ప్లాన్ ఒక మొబైల్‌కే పరిమితం, టీవీకి వర్తించదు. ధరలు, ప్లాన్లు మారుతుంటాయి గనుక టీవీలో వస్తుందా, ఒకేసారి ఎన్ని తెరల మీద నడుస్తుందా అన్నది కట్టే రోజునే చూసుకోవాలి. ఒకే లాగిన్‌ను బంధువులందరికీ ఇస్తే, పరిమితి దాటగానే మధ్యలో ఎవరో ఒకరి తెర ఆగిపోతుంది.

ప్లాన్‌లో రాసినది అందకపోతే తెర ఫొటో, సమయం, చెల్లింపు రసీదు దగ్గర పెట్టుకుని ముందు కంపెనీకి ఫిర్యాదు చేయాలి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.