మాకు లెక్కలు రావట!

"ఆడవాళ్ళకి లెక్కలు రావు" అని మగవాళ్ళంటే నాకు అంత కోపం రాదు. వాళ్ళేదో ఒకటి అంటూనే ఉంటారు. ఆ మాట మనమే అంటున్నామే, అదీ నా బాధ. ఏడో తరగతి పిల్ల లెక్కల పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వస్తే, "నాకవన్నీ ఏం తెలుస్తాయే, వెళ్ళి నాన్నగారిని అడుగు" అని నవ్వుతూ పంపేస్తాం. పైగా అదేదో ముద్దుమాటైనట్టు పేరంటాల్లో కూడా చెప్పుకుంటాం. చదవడం రాదని ఎవరైనా అలా మురిసిపోతూ చెప్పుకుంటారా?

నిజంగా రావా? మీ చేతి గాజులే చూడండి. 'టూ ఎయిట్' అని అడిగి తెచ్చుకుంటాం కదా. రెండు అంటే అంగుళాలు. ఎనిమిది అంటే పదహారో వంతులు, మన పెద్దల మాటలో వీసాలు. వెరసి గాజు లోపలి అడ్డుకొలత రెండున్నర అంగుళాలు. ఇప్పుడు దశాంశాలు నేర్చుకుంటున్న మీ అబ్బాయిని పిలిచి 2.8 పెద్దదా, 2.10 పెద్దదా అని అడగండి. 2.8 అంటాడు. బళ్ళో అదే ఒప్పు. గాజుల కొట్లో మాత్రం టూ టెన్నే పెద్దది! ఒకచోట ఒకటిని పది ముక్కలు చేశారు, ఇంకోచోట పదహారు చేశారు. భిన్నంలో హారం అంటే అంతకన్నా ఏముంది? 1957లో నయాపైసలు వచ్చేదాకా రూపాయికి 16 అణాలు, అణాకి 4 పైసలు. ఆ రోజుల్లో మా అమ్మమ్మ పాలవాడి బాకీ నోటితోనే తేల్చేసేది. పలక ముట్టుకుంటే ఒట్టు.

ఇక ఆ 22/7 సంగతి. ఒక డబ్బా మూత చుట్టూ దారం చుట్టి, విప్పి, ఆ దారంతో మూత అడ్డంగా కొలవండి. మూడుసార్లు పట్టి ఇంకా కాస్త మిగులుతుంది. మిగిలింది అడ్డుకొలతలో ఇంచుమించు ఏడోవంతు. కుంకుమ భరిణ మూతైనా, విస్తరంత పళ్ళెమైనా ఇదే వరస. ఈ చిత్రం చూపించడానికి జానెడు దారం ఖర్చుపెట్టకుండా, సూత్రాన్ని వందసార్లు బట్టీ పట్టించే బడులంటే నాకు ఒళ్ళు మంట.

"అవన్నీ వంటింటి లెక్కలు వదినా, అసలు లెక్కలు వేరు" అన్నాడు మా మరిది. ఇంజనీరు లెండి. "సరే నాయనా, జానెడు దోసెకి గరిటెడు పిండి పడుతుంది. అదే మందాన రెండు జానల దోసెకి ఎన్ని గరిటెలు?" అన్నాను. తడుముకోకుండా రెండన్నాడు. నాలుగు! అడ్డుకొలత రెండింతలైతే వైశాల్యం నాలుగింతలని పుస్తకంలో చదివినవాడికి అది దోసెకీ వర్తిస్తుందని తోచలేదు.

పళ్ళెంలో లడ్డూలు సందు చుక్కల ముగ్గులా పేరిస్తే చోటు కలిసొస్తుందని మనకి తెలుసు. అలాంటి ప్రశ్నే, గోళాలను ఎంత దగ్గరగా పేర్చవచ్చన్నది, ఊహకందని ఎనిమిది పరిమాణాల్లో తేల్చి చెప్పినందుకు ఉక్రెయిన్‌లో పుట్టిన మరీనా వియాజోవ్‌స్కాకి 2022లో ఫీల్డ్స్ పతకం ఇచ్చారు. గణితంలో అంతకన్నా పెద్ద గౌరవం అరుదు. 1936లో మొదలైన ఆ పతకం 2014లో ఇరాన్‌లో పుట్టిన మరియం మీర్జాఖానీ అందుకునేదాకా ఒక్క స్త్రీకీ దక్కలేదు. మెదడు లేక కాదు. "నీకెందుకే" అనేవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నారు మరి.

మా వీధిలోనూ ఉన్నారు. పోయిన ధనుర్మాసంలో తెల్లవారుజామున ఒకావిడ చెప్పిన మాట ఇంకా నన్ను పొడుస్తూనే ఉంది. ఆవిడ కూతురు అప్పుడు పదో తరగతి. లెక్కల్లో ఏనాడూ తొంభైకి తగ్గదు. ఎం.పి.సి. తీసుకుంటానని పట్టుబట్టిందిట. "ఇద్దరికీ ట్యూషన్లంటే ఎక్కణ్ణుంచి తెస్తామండీ? పిల్లవాడికి పెడదామనుకున్నాం. అయినా మా ఇంట్లో ఆడవాళ్ళకి లెక్కలు అచ్చిరావు" అంది.

అంటూనే వాకిట్లో చుక్కలు పెట్టుకుంటూ పోతోంది. నడిమి వరస పదిహేను, అక్కణ్ణుంచి అటూ ఇటూ ఎనిమిది వచ్చేదాకా సందు చుక్క. ఆవిడ లోపలికి వెళ్ళాక నేను నిలబడి లెక్కపెట్టాను. 169. ఒక్కటీ తప్పలేదు.