మూయడం కూడా నేర్చుకోవాలి

సూర్యాపేటలోగానీ, కోదాడలోగానీ, మిర్యాలగూడలోగానీ మీ బడిలో కంప్యూటరు ఉంటే చూడండి. గంట కొట్టగానే కొందరు నేరుగా స్విచ్చి ఆర్పేస్తారు. ఇది చిన్న తప్పు కాదని నా అభిప్రాయం.

అక్షరాలు చూపడం, ఫైలు తెరవడం వంటి పనులకు ప్రతి ప్రోగ్రాముకూ విడిగా కోడ్ ఉండదు. విండోస్‌లో అది డి.ఎల్.ఎల్. అనే ఉమ్మడి లైబ్రరీలలో ఉంటుంది. 1985 నాటి తొలి విండోస్ నుంచీ ఇదే ఏర్పాటు. సాగర్ ఎడమ కాలువ వంటిదన్నమాట. మీ పొలం తడిసిందని కాలువకే అడ్డుకట్ట వేస్తారా? మీ తూము మాత్రమే మూస్తారు.

ఒక్కో ప్రోగ్రాము లోపలా ఇలాంటి లెక్కే ఉంది. నడుస్తూ నడుస్తూ అది ఒక లైబ్రరీని ఎన్నిసార్లు అడిగితే విండోస్ అన్ని గుర్తులు పెడుతుంది. 'ఇక చాలు' అన్నప్పుడల్లా ఒకటి చెరుపుతుంది. సున్నా అయ్యాకే దాన్ని ఆ ప్రోగ్రాము నుండి తీసేస్తుంది. ప్రోగ్రాములో రెండు భాగాలు దాన్ని వాడుతుండగా, ఒకటి తొందరపడి రెండుసార్లు 'చాలు' అంటే? రెండోది లేని కోడ్ కోసం వెళ్ళి ప్రోగ్రామంతా కూలుతుంది.

టాస్క్ మేనేజరుతో బలవంతంగా ఆపితే లైబ్రరీలకు కబురే అందదు. మెమరీని విండోస్ వెనక్కు తీసుకుంటుంది, నిజమే. సగం రాసిన ఫైలు మాత్రం సగమే. కరెంటే తీసేస్తే విండోస్‌కు కూడా సర్దుకునే వ్యవధి ఉండదు.

ప్రోగ్రాము మొదలుపెట్టడం గురించి పాఠాలు ఎంతో చెబుతాయి, ముగించడం గురించి ఒక్క వాక్యం. నాకిది నచ్చదు. మొదటి ప్రోగ్రాము రాసిన రోజే మీ మాస్టారిని అడగండి: "సార్, తెరిచిన ఫైలును మూసే వరుస ఎక్కడ రాయాలి?"