రాజ్యం ఎవరి సొత్తు? పల్నాటి విషాదంలో అధికారకాంక్ష, నాగమ్మపై మోపిన నింద

ఉపోద్ఘాతం

పల్నాటి వీరగాథ విషయంలో తెలుగు సాహిత్య విమర్శ ఒక తీర్పును విచారణ లేకుండానే ఖాయం చేసుకొంది. నాయకురాలు నాగమ్మ రాజ్యకాంక్ష వల్ల పల్నాడు నాశనమైంది. బ్రహ్మనాయుడు ధర్మరక్షణకై పోరాడాడు. నలగామరాజు చెప్పుడు మాటలకు లోబడిన దుర్బలుడు. ఇదీ ఆ తీర్పు. 1947లోనూ, తిరిగి 1966లోనూ ‘పల్నాటి యుద్ధం’ పేరుతోనే వచ్చిన రెండు చలనచిత్రాలు బ్రహ్మనాయుణ్ణి నాయకునిగా, నాగమ్మను ప్రతినాయికగా నిలిపి ఈ తీర్పును ఇంటింటికీ చేర్చాయి. తరగతి గదిలో విద్యార్థి రాసే సమాధానం కూడా ఇంతకంటె దూరం పోదు. ప్రచారంలో ఉన్న తీర్పును మరింత చక్కని భాషలో తిరిగి చెప్పడం పరిశోధన అనిపించుకోదు.

నాగమ్మ నిర్దోషి అని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం కాదు. ఆమె చేసినట్లు కథ చెప్పే మోసాలను కాదనవలసిన అవసరమూ లేదు. ఒకే కథలో ఒకే రాజ్యం కోసం పెనుగులాడిన ముగ్గురిని మూడు వేర్వేరు తూనికరాళ్లతో తూచడం అన్యాయమనీ, ఆ అన్యాయం వల్ల ఒక గొప్ప విషాదగాథ ఒక చెడ్డ స్త్రీ కథగా కుదించుకుపోయిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

భారతంతో పోలిక: అరువు తెచ్చుకొన్న తీర్పు

పల్నాటి కథను ‘ఆంధ్ర భారతం’ అనడం పరిపాటి. ఈ పోలికలో కోడిపందెం జూదానికి సమానం. ఏడేండ్ల వలస అరణ్యవాసం. అలరాజు రాయబారం కృష్ణరాయబారం. బాలచంద్రుడు అభిమన్యుడు. చివరకు బ్రహ్మనాయుడు కృష్ణుడవుతాడు, నాగమ్మ శకుని అవుతుంది. సాదృశ్యాలు పూర్తిగా కల్పితాలు కావు. గాథను పాడినవారికీ, శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న ద్విపదను కట్టినవారికీ భారతం తెలుసు. అయితే సాదృశ్యం వ్యాఖ్యానానికి తోడ్పడాలి గాని తీర్పు చెప్పకూడదు. నాగమ్మ శకుని అని పేరు పెట్టిన క్షణంలోనే విచారణ ముగిసిపోతున్నది.

పైగా ఈ పోలిక కీలకమైన చోట పొసగదు. కురుసభలో జూదం జరిగినప్పుడు కృష్ణుడు అక్కడ లేడు. బ్రహ్మనాయుడు పందేనికి స్వయంగా దిగినవాడు. కథాసంవిధానాన్ని బట్టి చూస్తే అతని స్థానం కృష్ణునిది కాదు, ఎదుటివాడి నేర్పు తెలిసి కూడా పాచికలు పట్టిన ధర్మరాజుది. ధర్మరాజును భారతం ఊరక వదలలేదు. తన్ను ముందు ఒడ్డాడా, నన్ను ముందు ఒడ్డాడా అన్న ద్రౌపది ప్రశ్న సభాపర్వానికి ప్రాణం. దానికి భీష్ముడంతటివాడు నిశ్చయంగా బదులు చెప్పలేకపోయాడు. పల్నాటి కథకు భారతపు పాత్రలను తొడిగిన విమర్శకులు ఆ ప్రశ్నను మాత్రం వెంట తెచ్చుకోలేదు. నాగమ్మ మోసం చేసిందా అని అడిగారు. ఒక ప్రాంత ప్రజల భవితవ్యాన్ని కోడి కాళ్లకు కట్టే హక్కు బ్రహ్మనాయుడికి ఎవరిచ్చారని అడగలేదు.

కట్నం, వరం, వాటా, పందెం

ఈ గాథలో రాజ్యం ఎలా చేతులు మారుతున్నదో వరుసగా గమనిస్తే విషాదానికి మూలం కనిపిస్తుంది. హైహయ వంశీయుడైన అనుగురాజుకు పల్నాడు వెలనాటి చోడుల ఆడపడుచు మైలమదేవిని పెండ్లాడినందువల్ల దక్కింది. అంటే రాజ్యం మొదట కట్నం. అతని తరువాత గురజాల గద్దె నలగామునిది అయింది. వేటకు వచ్చిన రాజపరివారానికి జిట్టగామాలపాడులో నాగమ్మ ఆతిథ్యమిచ్చి, ప్రతిఫలంగా ఏడు ఘడియల మంత్రిత్వానికి మాట తీసుకొందని కథ. వివరాలు కథనానికొక తీరుగా ఉన్నా అర్థం ఒకటే. ఇప్పుడు అధికారం వరం. నాగమ్మ ప్రాబల్యం పెరిగాక బ్రహ్మనాయుడు మలిదేవాదుల పక్షం వహించి మాచర్లను వేరు చేశాడు. ఇప్పుడు రాజ్యం వాటా. ఆపై కోడిపోరులో ఓడినవారు ఏడేండ్లు నేల విడవాలన్నారు. ఇప్పుడు రాజ్యం పందెం. కారెంపూడి రణం ముగిసిన తరువాత గెలిచిన బ్రహ్మనాయుడు తిరిగి నలగామునికే రాజ్యమప్పగించి గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని గాథ చెబుతుంది. చివరకు రాజ్యం దానం.

కట్నం, వరం, వాటా, పందెం, దానం. ఈ అయిదు చేతిమార్పులలో ఏ ఒక్కదానిలోనూ పల్నాటి సేద్యగాడు గాని, పశుల కాపరి గాని మాట్లాడే సందు లేదు. రాజ్యాన్ని ఇంటి సొత్తుగా చూడడంలో ఇరుపక్షాలదీ ఒకే మనస్తత్వం. నాగమ్మ ఆ వ్యవస్థను సృష్టించలేదు. పుట్టుక ద్వారా తనకు మూసి ఉన్న తలుపును అదే వ్యవస్థ నియమాలతో తెరుచుకొంది. తండ్రి దొడ్డనాయుని వెనుక మంత్రిత్వం చేపట్టిన బ్రహ్మనాయునిది వారసత్వమైతే, మాట తీసుకొని మంత్రి అయిన నాగమ్మది దురాశ ఎలా అవుతుంది? వారసత్వానికి కాంక్ష అన్న పేరు పడకపోవడం వారసుల అదృష్టం, వారి పుణ్యం కాదు.

రాజు కూడా ఇదే కొలతకు రావాలి. రాయబారిగా వచ్చిన అలరాజు నలగామునికి పరాయివాడు కాడు, కూతురు పేరిందేవి భర్త. అతడు విషప్రయోగానికి గురై మరణించాడు, పేరిందేవి సహగమనం చేసింది. ఈ ఘట్టాన్ని నాగమ్మ కుట్రల పట్టికలో ఒక పద్దుగా చదివి ముందుకు సాగిపోవడం అలవాటు. గద్దె నిలబడడానికి అల్లుడి ప్రాణం, కూతురి ప్రాణం పోయిన తరువాత కూడా ఆ గద్దెపైనే కూర్చున్న తండ్రి అక్కడ ఉన్నాడు. అధికారం మనిషిని ఏం చేస్తుందో చెప్పడానికి ఇంతకంటె భయంకరమైన చిత్రం తెలుగు గాథల్లో అరుదు. ‘చెప్పుడు మాటలు విన్నాడు’ అన్న ఒక్క వాక్యంతో విమర్శ దాన్ని చెరిపేసింది.

చాపకూడు ఇచ్చిన మినహాయింపు

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ వస్తుంది. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించినవాడు, కులభేదం లేకుండా ఒకే పంక్తిని భోజనం చేయించినవాడు, మాలవాడైన కన్నమదాసుకు సేనా నాయకత్వం అప్పగించినవాడు. అటువంటి సంస్కర్తనూ నాగమ్మనూ ఒకే త్రాసులో పెట్టవచ్చునా అన్నది ఆ ఆక్షేపణ. చాపకూడు విలువను తగ్గించడం ఎవరికీ తగదు. 12వ శతాబ్దికి చెందినదిగా చెప్పే ఒక స్మృతిని దళిత గాయకులైన వీరవిద్యావంతులు తరతరాలుగా కాపాడుకొంటూ వచ్చారంటే అందులో వారికి దక్కిన గౌరవం సామాన్యమైనది కాదు.

అయినా సంస్కరణ ఒక గుణం, అధికార వినియోగం మరొక గుణం. మొదటిది ఉన్నందువల్ల రెండవదానికి లెక్క చెప్పనక్కరలేదనడం తర్కం కాదు, భక్తి. ఒకే చాపమీద తిన్నవారు ఒకే రణంలో చచ్చిపోయారన్నది కూడా ఈ గాథలోని సత్యమే. కలిసి తినే హక్కు పొందినవారికి, పోరు వద్దనే హక్కు దక్కిందా? సంధి మాటలు నడుస్తున్న వేళ బాలచంద్రుడు వచ్చి యుద్ధమే కావాలన్నప్పుడు, ఆ నిర్ణయం పంక్తిలో కూర్చున్న అందరి ప్రాణాలమీదా పడింది. చాపకూడును నిజంగా గౌరవించే విమర్శ ఈ ప్రశ్ననుంచి తప్పించుకోకూడదు.

మాంచాలకు కీర్తి, నాగమ్మకు నింద

గాథలోని స్త్రీలను పక్కపక్కన నిలిపితే తూనికరాళ్ల తేడా మరింత స్పష్టమవుతుంది. భర్తను రణానికి సాగనంపిన మాంచాల వీరపత్ని. భర్త వెంట అగ్నిలో ప్రవేశించిన పేరిందేవి మహాసతి. యుద్ధం చేసిన నాగమ్మ మాత్రం రాజ్యపిపాసి. స్త్రీ యుద్ధం కోరడం తప్పు కాదన్నమాట. తన కోసం కోరడమే తప్పు. భర్త కీర్తి కోసమైతే అది త్యాగం, తన పదవి కోసమైతే అది దురాశ. ఈ విలువ గాథ పుట్టిన కాలానిదని సర్దిచెప్పుకోవచ్చు. దానినే తన విలువగా చేసుకొన్న నేటి విమర్శకు ఆ సమర్థన దొరకదు.

ప్రజల నాలుక ఈ విషయంలో పండితులకంటె న్యాయంగా ఉంది. ఆమెకు మిగిలిన పేరు ‘నాయకురాలు’. ఆమె పోరాడిన చోటుగా చెప్పే కనుమను నేటికీ ‘నాయకురాలి కనుమ’ అంటారు. శత్రువుగా తలచినా ఆమె నాయకత్వాన్ని ఆ నేల కాదనలేదు.

బాంకో ఎలా నిర్దోషి అయ్యాడు

అధికారకాంక్ష విషాదానికి ప్రపంచ సాహిత్యంలో అందరూ చూపే ఉదాహరణ షేక్‌స్పియర్ ‘మాక్బెత్’. అక్కడా ఇటువంటి సులువు పఠనమే ప్రచారంలో ఉంది. మంత్రగత్తెలు ఆశ పెట్టారు, భార్య పురిగొల్పింది, మంచి వీరుడు చెడిపోయాడు అంటారు. నాటకం దీన్ని సమర్థించదు. జోస్యం వినగానే హత్య తలపు మాక్బెత్ మనసులోనే కదులుతుంది. భార్య ప్రోద్బలం మొదటి హత్య దాకానే. బాంకోను చంపించేటప్పుడు ఆమెకు చెప్పనైనా చెప్పడు. మాక్డఫ్ ఆలుబిడ్డల వధ పూర్తిగా అతని నిర్ణయమే. అధికారం చేజిక్కే కొద్దీ అతడు ఎవరి ప్రోద్బలమూ అక్కరలేని హంతకుడవుతాడు, ఆమె మతి చెడి రాలిపోతుంది. ఇదే విషాదం. నేరాన్ని భార్యమీదకు నెట్టితే నాటకంలో మిగిలేది గయ్యాళి కథ మాత్రమే.

ఇంతకంటె పల్నాటి చర్చకు పనికివచ్చే సంగతి మరొకటి ఉంది. షేక్‌స్పియర్ ఆధారపడిన హాలిన్‌షెడ్ చరిత్రగ్రంథంలో రాజహత్య కుట్రలో బాంకోకూ భాగముంది. నాటకంలో అతడు కళంకం లేనివాడు. 1603లో ఇంగ్లండు సింహాసనమెక్కిన మొదటి జేమ్స్ తన వంశం బాంకోనుంచి వచ్చిందని నమ్మేవాడు. షేక్‌స్పియర్ నాటక బృందానికి పోషకుడు కూడా ఆ రాజే. ఏలినవారి పూర్వీకుడు హంతకుడు కాకూడదు గనుక బాంకో చేతులు శుభ్రపడ్డాయని విమర్శకులు చాలాకాలంగా చెబుతున్నారు.

పల్నాటి గాథను నిలిపినది ఏ రాజపోషణ కాదు, వీరారాధన. కారెంపూడి వీరుల గుడి వద్ద ఏటా కార్తీక అమావాస్య మొదలుకొని అయిదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు పేర్లతో సాగే ఉత్సవాలలో బ్రహ్మనాయుడు కేవలం మంత్రి కాడు, విష్ణ్వంశ సంభూతుడు. జీన్ రోగైర్ సేకరించి 1982లో ఆంగ్లంలో వెలువరించిన మౌఖిక గాథ కూడా ఈ ఆరాధనా సంప్రదాయంలోనిదే. ఆరాధించేవారు తమ దైవాన్ని నిర్దోషిగా పాడుకోవడం సహజం, వారి హక్కు. అక్కిరాజు ఉమాకాంతం 1911లో పల్నాటి వీరచరిత్రను ప్రకటించిన నాటినుంచి ఈ గాథ పండితుల బల్లమీదికి కూడా వచ్చింది. గుడిలో చెల్లే మినహాయింపు బల్లమీద చెల్లదు. నాగమ్మ పక్షాన పాడే సంప్రదాయం ఇంత బలంగా నిలవలేదన్న సంగతిని గుర్తించకుండా, ఒక పక్షం వాంగ్మూలాన్నే సాక్ష్యంగా, తీర్పుగా స్వీకరించడం పరిశోధన పద్ధతి కాదు.

‘పౌరుషం’ అనే ముసుగు

ఈ పఠనం వల్ల కలిగిన నష్టం సాహిత్యానికే పరిమితం కాదు. అన్నదమ్ముల పక్షాలవారు ఒకరినొకరు చంపుకొని, వెలనాటి బలం సన్నగిల్లి, కాకతీయుల విస్తరణకు దారి సుగమమైన ఒక వినాశానికి తెలుగువారు పెట్టుకొన్న పేరు ‘పల్నాటి పౌరుషం’. సికింద్రాబాదు రైల్వేస్టేషనులో ‘పల్నాడు ఎక్స్‌ప్రెస్’ అన్న పిలుపు వినబడినా వినేవాని మనసులో ముందు మెదిలేది ఆ పౌరుషమే. నేరమంతా ఒక స్త్రీ ఖాతాలో జమ అయినందువల్లనే మిగిలినవారి హింస పౌరుషంగా మారగలిగింది. నిందను ఒక్కచోట కుప్పపోయడం, కీర్తిని మరొకచోట పంచిపెట్టడం, ఈ రెండూ ఒకే పనికి రెండు వైపులు. నేటి రాజకీయాలలోనూ వారసుని పదవి సహజంగా, స్త్రీ పదవి ఆశగా కనిపించడం వెనుక ఇటువంటి పఠనాల శిక్షణ కొంతైనా ఉంది.

ముగింపు

విషాదగాథకు ప్రతినాయకుడు దొరికిన చోట విషాదం పలచబడుతుంది. దోషి ఒక్కరే అయితే ఆ ఒక్కరిని తొలగిస్తే రాజ్యం బాగుపడాలి. గాథ ముగింపే ఈ భ్రమను తిరస్కరిస్తున్నది. నాగమ్మ అధికారం పోయింది, బాలచంద్రుడు లేడు, అలరాజు లేడు, గద్దెపై మళ్లీ నలగాముడే ఉన్నాడు. గెలిచిన బ్రహ్మనాయుడు ఆ గెలుపును అనుభవించలేక కొండగుహలోకి నడిచాడు. అతడు వదిలి వెళ్లినది రాజ్యాన్ని మాత్రమే కాదు, తన పక్షం ధర్మమన్న నమ్మకాన్ని కూడా కావచ్చు. ఆ నడకను అవతార సమాప్తిగా కాక ఒక మనిషి పశ్చాత్తాపంగా చదివే ధైర్యం విమర్శకు కావాలి. అప్పుడే బ్రహ్మనాయుడు నిజమైన విషాదనాయకుడవుతాడు, నాగమ్మ అతనికి సమానమైన ప్రత్యర్థి అవుతుంది, పల్నాడు ఒక స్త్రీ కుట్ర వల్ల కాక, రాజ్యాన్ని తమ సొత్తనుకొన్న వారందరి చేతుల్లో నలిగిన నేల అవుతుంది.