చింత తిరుగుతుంది, విచారణ ముగుస్తుంది

ఎల్‌బీ నగర్‌లో మెట్రో రైలు ఎక్కిన గృహస్థుని దేహం మియాపూర్ దిశగా ప్రయాణిస్తుంది. మనస్సు మాత్రం ఇంటి ద్వారం వద్దనే నిలిచిపోతుంది. తాళం వేసినట్టేనా? గ్యాస్ కట్టేసినట్టేనా? చైతన్యపురి దాటుతుంది, దిల్‌సుఖ్‌నగర్ దాటుతుంది. ప్రశ్న మాత్రం దాటదు. అదే దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కు కుమారుని పంపిన తల్లి సాయిబాబా మందిరంలో కూర్చుంటుంది. ఆమె చేతిలో జపమాల, అంతరంగంలో పరీక్షాఫలితం, రెండూ ఒకే వేగంతో తిరుగుతుంటాయి.

ఇట్టి స్థితిని పాపమనీ, భక్తిలోపమనీ భావించి కుమిలిపోయే సాధకులు అనేకులు. ఆ భావన సరికాదు. మనోనిగ్రహం వాయువును బంధించడమంత దుష్కరమని గీతలోని ఆరవ అధ్యాయంలో అర్జునుడు విన్నవించినప్పుడు భగవానుడు అతనిని మందలించలేదు. ఆ కష్టాన్ని అంగీకరించి, అభ్యాస వైరాగ్యాలను ఉపాయంగా ఉపదేశించాడు. పతంజలి సైతం సమాధిపాదంలో ఆ రెండింటినే చిత్తవృత్తి నిరోధానికి సాధనాలుగా నిర్దేశించాడు.

ఒకే తలపు పదేపదే ఎందుకు వస్తుంది? వృత్తి సంస్కారాన్ని మిగులుస్తుంది, సంస్కారం తిరిగి వృత్తిని లేపుతుంది; ఈ చక్రాన్ని యోగసూత్రాల వ్యాసభాష్యం స్పష్టంగా వివరించింది. బలాత్కారంగా అణచితే చక్రం ఆగదు. కోతిని తలచుకోకుండా మందు తాగమంటే కోతియే కనిపిస్తుందని తెలుగు లోకోక్తి. 1987లో అమెరికా మనస్తత్త్వవేత్త డేనియల్ వెగ్నర్ తెల్ల ఎలుగుబంటిని తలచవద్దని చెప్పి చేసిన ప్రయోగంలోనూ ఇదే తేలింది.

ఇక్కడ అత్యావశ్యకమైనది వివేకం. చింత విచారణ వేషంలో వస్తుంది. బాధ్యతగా ఆలోచిస్తున్నామన్న భ్రమ కలిగిస్తుంది. విచారణ ఒక నిర్ణయంతో ముగుస్తుంది. చింత బయలుదేరిన చోటికే చేరుతుంది. కనుక తలపు మూడవమారు వచ్చినప్పుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: దీనివల్ల ఇప్పుడు చేయదగిన కర్మ ఏదైనా ఉన్నదా?

ఉంటే చేయాలి. తల్లి కుమారునికి ఫోన్ చేసి, మార్కుల ప్రస్తావన లేకుండా, భోజనం చేశావా అని అడగవచ్చు. అది ఆమె కర్తవ్యం. ఫలితం ఆమె అధీనంలో లేదు. దానిని ఈశ్వరార్పణం చేయడమే వైరాగ్యం. గృహస్థుడు తాళం వేసే క్షణంలో చేతిని, చూపును, మనస్సును ఒకచోట నిలిపి, భగవన్నామం స్మరిస్తూ వేయాలి. ఒకసారి చూసుకోవడం జాగ్రత్త. నాలుగుసార్లు వెనుదిరగడం సందేహానికి ఆహారం. ఆపై తలపు మళ్ళీ వస్తే దానితో వాదించక, తనను తాను నిందించుకొనక, మనస్సును చేస్తున్న పనిలోనికి తీసుకొనిరావాలి. నూరుసార్లు జారితే నూరుసార్లు తెచ్చుకోవడమే అభ్యాసం.

నామజపం ఒక్కటి చాలదా అని కొందరంటారు. జపం మహత్తరమైనదే. అయితే చింతను కప్పిపుచ్చే శబ్దంగా జపాన్ని వాడితే ఆ రెండూ సమాంతరంగా సాగుతాయి. చేయవలసినది చేసి, వదలవలసినది వదలినవాని జపం నిలుస్తుంది.

కొందరికి ఈ తలపులు గంటలకొద్దీ కాలాన్ని హరిస్తాయి. చేతులు కడిగినా తృప్తి ఉండదు, నిద్ర పట్టదు. అది వ్యాధి. శరీరంతోపాటు మనస్సు కూడా వ్యాధులకు ఆశ్రయమని చరకసంహిత చెప్పింది. అదే మెట్రో మార్గంలో ఉన్న ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉన్నది. ఆ ఊరిపేరును పరిహాసంగా వాడే అలవాటును నగరం మానుకోవాలి. ఆ పరిహాసానికి వెరచి వైద్యునికి దూరంగా ఉండడం భక్తి కాదు; ఔషధ సేవనం సాధనకు విఘ్నమూ కాదు.

మనస్సు శత్రువు కాదు. అది దారి తెలియక తిరుగుతున్నది. చేయి పట్టుకొని ఇంటికి తీసుకొనిరావడమే సాధకుని పని.