యోగములు – వాని గమ్యము



మాదాపురపు బండరాళ్ల నడుమ 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ అను సౌధము వెలసినది మొదలు హైదరాబాదునకుఁ బడమట నొక క్రొత్త నగరము పెరిగినది. హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతములయందు మన బిడ్డలనేకులు, స్త్రీలును పురుషులును, కంప్యూటరుల యెదుటఁ గూర్చుండి, అమెరికావారి పగటికిఁ దమ రాత్రిని జతచేసి పని చేయుచున్నారు. నడుమునొప్పి, మెడనొప్పి, నిద్రలేమి వారి యిండ్లకుఁ జుట్టములైనవి. వానికి విరుగుడుగా యోగాసనములు నేర్పు తరగతులును వాడవాడల వెలసినవి. ఐక్యరాజ్యసమితి నిర్ణయముచే 2015 నుండి జూన్ 21వ తేదీ యోగదినముగాఁ బ్రపంచమంతటను జరుగుచున్నది. ఇదంతయు మేలే. కాని యోగమనఁగా దేహమును వంచుటయే యను తలంపు నాటుకొనుట మేలు కాదు.

ఆ ప్రాంతముననే యుద్యోగము చేయు చెల్లెలొకతె, "అక్కా! ఆసనములు వేయుటకు నాకుఁ దీరిక లేదు. నాకిఁక యోగము లేనట్లేనా?" యని యడిగినది. ఈ ప్రశ్న యామె యొక్కతెదే కాదు గనుక నిక్కడనే సమాధానము వ్రాయుచున్నాను.

పతంజలి యోగసూత్రములు పాఠభేదమునుబట్టి 195 లేక 196. అందు ఆసనమును గూర్చినవి మూఁడు మాత్రమే. కదలక, సుఖముగాఁ గూర్చుండుటయే యచట ఆసనము. యమము, నియమము, ఆసనము, ప్రాణాయామము, ప్రత్యాహారము, ధారణ, ధ్యానము, సమాధి యను నెనిమిది యంగములలో నది మూఁడవది. చిత్తవృత్తు లణఁగి, చూచువాఁడైన యాత్మ తన స్వరూపమున నిలుచు కైవల్యమే యీ మార్గమునకు గమ్యము. దీనినే రాజయోగమందురు. 15వ శతాబ్దపు స్వాత్మారాముఁడు హఠయోగప్రదీపికయందు దేహమును, ప్రాణమును స్వాధీనము చేసికొను విధానమును వివరించి, హఠయోగము రాజయోగమను మేడకు మెట్లవంటిదని తెలిపెను. మెట్లమీఁదనే కాపురము పెట్టినవారు మేడను జూడలేరు గదా!

తక్కిన మూఁడు మార్గములు గీతయందు విరివిగాఁ గలవు. నిత్యమేది, అనిత్యమేది యని విచారించి యాత్మను దెలిసికొనుట జ్ఞానయోగము. భగవంతునియందలి ప్రేమచే నహంకారమును గరఁగించుకొనుట భక్తియోగము. చేయవలసిన పనిని ఫలాసక్తి లేక చేసి చిత్తశుద్ధిని బడయుట కర్మయోగము.

నగరమునకుఁ జేరువనున్న చిలుకూరు బాలాజీ సన్నిధిని, విదేశయాత్రకు వీసా కోరి 11 ప్రదక్షిణలును, కోరిక తీరిన పిదప 108 ప్రదక్షిణలును జేయువారు పెక్కుమంది. గీత యేడవ యధ్యాయమునఁ జెప్పఁబడిన నాలుగు విధముల భక్తులలో వీరు అర్థార్థులు. వారిని భగవానుఁడు త్రోసిపుచ్చలేదు. అయినను, వీసా వచ్చినను రాకున్నను తగ్గని ప్రేమయే భక్తియోగమున కసలైన గుఱుతు.

ఇఁక మన యిండ్లలోని మాట. రాత్రి యుద్యోగము ముగించుకొని తెల్లవాఱుజామున నిల్లు చేరిన కోడలు నేరుగా వంటయింటికిఁ బోవలసి వచ్చినపుడు, "ఫలము కోరక పనిచేయుటయే కర్మయోగము తల్లీ!" యని పెద్దలు బోధింతురు. అదే మాట కొడుకునకుఁ జెప్పరు. గీతోపదేశము విన్న యర్జునుఁడు పురుషుఁడే గదా! కర్మయోగము ఎవరికి వారు స్వీకరింపవలసిన వ్రతమే కాని, యొరుల నెత్తిపైఁ బెట్టు మూట కాదు. యమములలో మొదటిది అహింస, మూఁడవది అస్తేయము, అనఁగా దొంగిలింపకుండుట. ఒకరి నిద్రను, ఒకరి తీరికను అడుగక తీసికొనుటయు దొంగతనమే యని నా తలంపు. ఇంటిలో నీ రెండు యమములు లేనపుడు, ఆ యింటివారు తెల్లవాఱి వేయు నాసనములు వ్యాయామమగునే కాని యోగము కానేరవు.

యోగము స్త్రీలకుఁ గాదనువారికిఁ దరిగొండ వెంగమాంబయే సమాధానము. 18వ శతాబ్దమున, బాల్యముననే వైధవ్యము పొందిన యీ రాయలసీమ యాఁడుపడుచు, లోకుల కట్టుబాట్లకు లొంగక తిరుమల చేరి, రాజయోగామృతసారమను ద్విపద కావ్యమును రచించినది. ఆమె యందు భక్తి, జ్ఞానము, రాజయోగము కలహింపక కలసియున్నవి.

కావున, చెల్లెలా! నీకు యోగము లేకపోలేదు. కూర్చుండి శ్వాసను గమనించుటకు దినమునకుఁ బదినిమిషములు చాలును. ఆ పదినిమిషములు నీకు దొరకునట్లు కాఫీ కలుపుటయో, బిడ్డను బడికి సిద్ధపఱచుటయో తమ పనిగాఁ జేసికొనుట నీ యింటివారి కర్మయోగము. అది నీవు సిగ్గుపడక యడుగవచ్చును. నడుము వంగినదా యని కాదు, నా కోపము తగ్గినదా, నా వలన నొకరి బరువు తగ్గినదా యని మాసాంతమున నింటిల్లిపాదియుఁ దమ్ముఁ దామడిగికొందురు గాక!