క్యాన్సర్ లెక్కలు – దేశాల పొత్తు

మన పెద్దలు రాచపుండు అని పిలిచిన వ్యాధినే నేడు క్యాన్సర్ అంటున్నాం. దానిపై పోరాటమనగానే శస్త్రచికిత్సలు, కిరణ చికిత్స, కొత్త మందులు స్ఫురిస్తాయి. ఆసుపత్రి మూలగదిలో రోగుల వివరాలు రాసుకొనే ఉద్యోగి ఎవరికీ గుర్తుకు రాడు. నా దృష్టిలో ఆయన పని వైద్యుని పనికి తీసిపోదు.

ఒక ప్రాంత ప్రజలలో ఏటా ఎవరికి, ఏ అవయవానికి క్యాన్సర్ సోకింది, ఆ రోగి ఎన్నాళ్ళు జీవించాడు అనే వివరాలను విడువక నమోదు చేసే వ్యవస్థయే క్యాన్సర్ రిజిస్ట్రీ. డెన్మార్క్ 1942లోనే యావద్దేశానికీ ఇటువంటి రిజిస్ట్రీని నెలకొల్పుకొన్నది. అంతటి శ్రద్ధగల దేశానికి సైతం తన లోపం తన పుస్తకంలో కనిపించలేదు. 1990లలో యూరప్ రిజిస్ట్రీలు ‘యూరోకేర్’ పేరిట తమ వివరాలను ఒకచోట చేర్చి పోల్చినప్పుడు, డెన్మార్క్ రోగులు పొరుగున ఉన్న స్వీడన్ రోగులకంటె త్వరగా మరణిస్తున్నారని తేలింది. ఇంగ్లండు పరిస్థితీ అంతే.

లోపం చికిత్సలో కాదు, లెక్కలలోనే ఉందని ఇంగ్లండులో కొందరు పండితులు వాదించారు. ఆ సందేహం నిరాధారమైనది కాదు. కుంచాలు వేరైతే ధాన్యపురాశులను పోల్చలేము కదా! వృద్ధులు అధికంగా ఉన్న దేశంలో క్యాన్సర్ కూడా అధికంగానే కనబడుతుంది. అందుకే జపాన్ శాస్త్రవేత్త మిత్సువో సెగీ 1960లో అన్ని దేశాలకూ వర్తించే ప్రామాణిక జనాభాను ప్రతిపాదించాడు. కణితుల వర్గీకరణకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1976లో ఉమ్మడి సంకేతాలను వెలువరించింది. 2011లో ఆరు దేశాల రిజిస్ట్రీల వివరాలతో వెలువడిన మరొక పరిశీలనలోనూ ఆ వ్యత్యాసం నిలిచే ఉన్నది.

అప్పటికే డెన్మార్క్ కార్యరంగంలోకి దిగింది. క్యాన్సర్‌ను అత్యవసర వ్యాధిగా పరిగణించాలని 2007లో నిశ్చయించి, అనుమానం కలిగిన నాటి నుండి పరీక్షలకూ చికిత్సకూ గడువులు విధించింది. 2019లో ప్రచురితమైన పోలికలో, రోగులు జీవించే కాలం గణనీయంగా పెరిగిన దేశాల సరసన అది నిలిచింది. పొరుగువారి పట్టిక పక్కన తన పట్టికను పెట్టి చూడడానికి సిగ్గుపడి ఉంటే ఈ మార్పు వచ్చేదా?

మన దేశంలో బొంబాయి రిజిస్ట్రీ 1963లో మొదలైంది. భారత వైద్య పరిశోధన మండలి 1982 నుండి జాతీయస్థాయిలో వివరాలు సేకరిస్తున్నది. మన మరణ ధ్రువపత్రాలలో కారణం తరచు సరిగా నమోదు కాదు. కనుక సిబ్బంది ఆసుపత్రులకే కాక రోగుల ఇళ్ళకూ వెళ్ళి విచారించవలసి వస్తున్నది. కొత్త యంత్రం కొంటే ప్రారంభోత్సవం జరుగుతుంది. పట్టికకు ఎవరు రిబ్బను కత్తిరిస్తారు? రోగుల పేర్లు పరదేశాల పాలవుతాయని కొందరు భయపడతారు. పేర్లు తొలగించి సంకేతాలతో పంపే పద్ధతి ఉండగా ఆ భయం సహకారానికి అడ్డుకారాదు.

2010–14 మధ్య రొమ్ము క్యాన్సర్ బయటపడిన స్త్రీలలో అయిదేళ్ళకు పైగా జీవించినవారు అమెరికాలో 90 శాతం, భారతదేశంలో 66 శాతమని 2018 నాటి ‘కాంకార్డ్’ అధ్యయనం లెక్కించింది. ఆ 66 శాతమైనా దేశంలోని కొద్ది ప్రాంతాల రిజిస్ట్రీలు అందించిన వివరాల నుండి వచ్చినదే. రిజిస్ట్రీయే లేని జిల్లాలో మరణించిన స్త్రీ ఏ లెక్కలోనూ లేదు.