రచ్చబండకి జైలు తాళాలా?

అమెరికా పల్లెటూళ్ళలో లా చదవని జడ్జీలుంటారు, ఊరివాళ్ళే ఓట్లేసి ఎన్నుకుంటారు అని చెప్తే మా టీమ్‌లో ఒకాయన తెగ మురిసిపోయాడు. "భలే ఉందే, అచ్చం మన రచ్చబండ!" అన్నాడు. ఆయన కళ్ళముందు పెద్దరాయుడు సినిమా తిరుగుతోందని అర్థమైంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

న్యూయార్క్ రాష్ట్రంలో ఇలాంటి టౌన్, విలేజ్ కోర్టులు వెయ్యికి పైనే. 2006లో న్యూయార్క్ టైమ్స్ వీటి మీద వరసగా కథనాలు వేసింది. అప్పటికి సుమారు 2 వేలమంది జడ్జీల్లో నాలుగింట మూడొంతులమంది లాయర్లు కారు. స్పీడింగ్ టికెట్ల సంగతి వదిలేయండి. బెయిలు ఇవ్వాలా వద్దా, అద్దె ఇల్లు ఖాళీ చేయించాలా, చిన్న నేరానికి జైల్లో వెయ్యాలా, ఇవన్నీ వాళ్ళ చేతిలోనే. ప్రొడక్షన్ సర్వర్ పాస్‌వర్డ్ ఫ్రెషర్‌కి ఇవ్వం కదండీ మనం?

"తప్పు జరిగితే పై కోర్టుంది" అంటారు. అయితే కెంటకీ కథ వినండి. హార్లన్ కౌంటీలో లించ్ అని బొగ్గుగనుల ఊరు. అక్కడి జడ్జి గని కార్మికుడు, లా ముక్క చదవలేదు. తాగి బండి నడిపాడని ఒకతన్ని తెచ్చారు. మొదటిసారి అయితే జరిమానాయే తప్ప జైలు లేదని ఆ రాష్ట్ర చట్టం. ఈయన 30 రోజులు జైలు వేశాడు! కేసు సుప్రీం కోర్టుదాకా పోయింది. 1976లో వాళ్ళేమన్నారు? లాయర్ జడ్జి ముందు మళ్ళీ మొదట్నించి విచారణ అడిగే హక్కుంది కాబట్టి ఈ పద్ధతి చెల్లుతుందన్నారు. మళ్ళీ విచారణంటే మళ్ళీ లాయరు, మళ్ళీ సెలవు, మళ్ళీ డబ్బు. అదెవరికి సాధ్యం? గెలిచిన కెంటకీయే సిగ్గుపడిందో ఏమో, 1978 నుంచి లాయర్లనే జడ్జీలుగా పెట్టుకుంది.

సామాన్యుడు కోర్టులో కూర్చోకూడదని నేననను. వెర్మాంట్‌లో 14 కౌంటీలు, ఒక్కోదానికి ఇద్దరు సైడ్ జడ్జీలు. వాళ్ళూ ఓట్లతో గెలిచినవాళ్ళే, లా డిగ్రీ అక్కర్లేదు. కౌంటీ కోర్టు భవనం బాగోగులు కూడా వాళ్ళే చూస్తారు. కానీ విచారణకి కూర్చుంటే సాధారణంగా పక్కన చదువుకున్న జడ్జి ఉంటాడు. ఏం జరిగింది అన్నది కలిసి తేలుస్తారు, చట్టం ఏమంటుందో ఆయన చెప్తాడు. ఇది నాకు నచ్చింది.

అసలు మన మురిపెం దేనికో నాకర్థం కాదు. ఆ జడ్జిని ఎన్నుకునే ఓటు హెచ్1 వీసా మీద ఉన్నవాడికి లేదు. హైవే మీద పోతూ దొరికిన పరాయి ఊరివాడి మీద జరిమానా బాదితే ఆ జడ్జికి ఒక్క ఓటూ తగ్గదు. మనకేమో వీసా ఫారం నింపిన ప్రతిసారీ "ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా" అన్న ప్రశ్న ఎదురవుతుంది.

పల్లెల్లో లాయర్లు దొరకరంటారా? నాలుగు టౌన్లకి కలిపి ఒక్క లాయర్ జడ్జి వారానికో రోజు కారేసుకుని తిరగలేడా?